మరపడవ గదుల జీర్ణోద్ధరణము

వార్షిక సంచికలో వృత్తిచరిత్రకు సంబంధించిన వ్యాస మొకటి యుండవలెనని సంపాదకులు మమ్ము కోరిరి. దేవాలయ రథములను గూర్చియు, ద్వారబంధముల చెక్కడములను గూర్చియు మనవారు పెక్కుమాఱులు వ్రాసియున్నారు. అవి వ్రాయదగిన విషయములే. కాని యీ సంవత్సరము మేము మన కంటికి దూరముగా నున్న యొక పనిని గ్రహించితిమి. పాతబడిన మరపడవలోని గదులను విప్పి, కుళ్లిన కొయ్యను తొలగించి, గట్టికొయ్యను నిలుపుకొని, వానిని మరల నివాసయోగ్యముగా చేయుటయే యా పని. ఆలయముల విషయమున మనము వాడు జీర్ణోద్ధరణమను మాట దీనికిని చక్కగా సరిపోవును.

ఇంటి వడ్రంగమునకును పడవ వడ్రంగమునకును గల భేదమును మొదట చెప్పవలసియున్నది. ఇంటిలో తూకపుగుండు మనకు గురువు. గోడ నిలువుగా నున్నదో లేదో అది చెప్పును. రసమట్టము గడప సమముగా నున్నదో లేదో చెప్పును. నీటిపై తేలు పడవలో ఈ రెండును నమ్మదగినవి కావు. పడవ నడిమిగీతనుండి కొలిచిన కొలతయే యచ్చట ప్రమాణము. పడవ ప్రక్కలు పొడవునను ఎత్తునను రెండువిధముల వంగియుండును. కావున గదిలోని యే రెండు పలకలును ఒక్కతీరున నుండవు. ప్రతి పలకయు తానుండు చోటికే కోయబడినది. అది చెడినచో దానికి మాఱుపలక అంగడిలో దొరకదు. పనివాని చేతిలోనే పుట్టవలెను.

పాత పడవ గదిని చూచినవారు మొదట దాని మెఱుగు పోయినదని విచారింతురు. వార్నీషు పెచ్చులూడినది, మెత్తలు చినిగినవి, చెక్క నల్లబడినది అని చెప్పుదురు. యజమాని కోరునదియు మెఱుగే. కాని యీ పనిలో ఆరితేరినవారు మెఱుగును చివరకు పెట్టుకొందురు. నీరెచ్చటినుండి వచ్చుచున్నదో తెలిసికొనుట వారికి మొదటి పని. ఈ క్రమమును తప్పినవారి శ్రమ యంతయు వ్యర్థమైనది. దీనికి చరిత్రలో దృష్టాంతములు కలవు. అందొక పడవ కథను ముఖ్యముగా చెప్పెదము.

అంతకు ముందు మరపడవ పుట్టుకను గూర్చి రెండు మాటలు. ఆవిరియంత్రముతో నడచు చిన్నపడవలు పందొమ్మిదవ శతాబ్దమున పెక్కులుండెను. కాని వానిలో నీటిబాన, బొగ్గు, కొలిమి పడవ నడిమిభాగము నంతయు ఆక్రమించుకొనుచుండెను. మనుష్యులు మిగిలిన చోట సర్దుకొనవలసివచ్చెడిది. 1886వ సంవత్సరమున జర్మనీదేశమునందు గాట్లీబ్ డైమ్లరును, విల్‌హెల్మ్ మేబాకును తాము నిర్మించిన చిన్న యంత్రమును పడవలో నమర్చి, కాన్‌స్టాట్ చెంత నెకర్ నదిపై నడిపి చూపిరి. అట్టి యంత్రము చిన్నది. దానికి బొగ్గు రాశులు అక్కఱలేదు. యంత్రము చిన్నదగుటచే గది పెద్దదయ్యెను. మరపడవలో వడ్రంగికి పని పెరిగిన దీ కారణముననే యని చెప్పవచ్చును. పడుకగది, భోజనశాల, వంటయిల్లు, స్నానపుగది, వీని కన్నింటికిని అరలు, పెట్టెలు, సొరుగులు, మడతబల్లలు కావలసివచ్చెను.

అమెరికాదేశమున 1920ల నాటికి ధనవంతులు చలికాలమున ఫ్లోరిడా ప్రాంతపు లోతులేని నీళ్లలో విహరించుటకై పొడవైన గృహనౌకలను కట్టించుకొనుచుండిరి. న్యూజెర్సీ రాష్ట్రమున కామ్డెన్ పట్టణములోని మాథిస్ పడవల కార్మాగార మిట్టి పడవలకు పేరు వడసెను. వాని రూపకర్త జాన్ ట్రంపీ. ఇతడు 1879లో నార్వేదేశపు బెర్గెన్ పట్టణమున ఓడలుకట్టు కుటుంబమున జన్మించి, యువకుడుగా అమెరికాకు వలసవెళ్లినవాడు. తాతతండ్రులనుండి వచ్చిన పనిని సముద్రము దాటించి తీసికొనిపోయినవాడు గనుక ఇతని పేరు మన సంచికలో చేరుట యుచితమే.

1925లో ఆ కార్మాగారమునుండి 104 అడుగుల పొడవుగల సెకోయా యను పడవ వెలువడెను. ఆ పేరు కాలిఫోర్నియాలోని మహావృక్షజాతికిని కలదు. కాని పడవ యా కొయ్యతో చేసినది కాదు. దాని పక్కటెముకలు తెల్ల ఓకు కొయ్య. వానిపై బిగించిన పలకలు పొడుగాకు పైను కొయ్య. పైనున్న గదుల కట్టడము మహాగనీయును టేకును. ఏ కొయ్యనెచ్చట వాడవలెనో ఎఱిగినవాని చేతిపని యిది. వంగియు విఱుగని ఓకు ఎముకకు, పొడవుగా ముడులులేక దొరకు పైను పలకకు, చూపునకింపై కదలిక తక్కువగల మహాగనీ గదికి, ఎండవానల కోర్చు టేకు బయటికి ఏర్పఱుపబడినవి.

ఇందొక చిన్న మాట. ఆంగ్లేయులు టీక్ అని పలుకు పేరు పోర్చుగీసువారి మూలమున వారికి చేరినది. పోర్చుగీసువారు దానిని మలయాళములోని తేక్కు అను మాటనుండి గ్రహించిరి. మన టేకు అను మాటయు ఆ కుటుంబములోనిదే. కావున లోకమున నే రేవులో నే పనివాడు టేకును పేర్కొన్నను, మన దక్షిణదేశపు మాటయే పలుకుచున్నాడు.

సెకోయాను 1931లో అమెరికా ప్రభుత్వపు వాణిజ్యశాఖ కొనెను. హూవరు అధ్యక్షుడు దానిపై విహరించుచుండెను. 1933లో అది నౌకాదళమున చేరి, అధ్యక్షుని పడవ యయ్యెను. ఇచ్చటనుండి దాని లోపలి గదుల చరిత్ర ఆరంభమగుచున్నది. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టు 1921లో వచ్చిన వ్యాధిచే కాళ్ల సత్తువ కోల్పోయినవాడు. మెట్లు దిగలేని ఆయనకొఱకు పడవలో పైతట్టునుండి క్రిందికి దిగుటకు లిఫ్టు నొకదానిని అమర్చిరి. 1936లో ఆయన వాడుకకు పొటోమాక్ అను ఉక్కుపడవ వచ్చెను. కొయ్యపడవకు నిప్పుభయ మెక్కువ యనుట ఈ మార్పునకొక కారణము. అయినను సెకోయా ప్రభుత్వసేవలోనే నిలిచెను. ట్రూమను దినములలో నందు పియానో మ్రోగుచుండెను. 1963 మే 29వ తేదీన కెనెడీ తన 46వ జన్మదినమును దానిపై జరుపుకొనెను. తరువాత వచ్చిన జాన్సను రూజ్‌వెల్టు లిఫ్టును తీయించి, ఆ చోట పానీయముల బల్ల పెట్టించెను. పొడగరి యగుటచే స్నానపుగది నేలను గూడ దింపించెనని చెప్పుదురు. 1973 జూనులో నిక్సను, రష్యానాయకుడగు బ్రెజ్నెవును ఆ పడవపై నతిథిగా గొనిపోయెను. 1974లో నిక్సను పదవి విడిచెను. 1977లో కార్టరు ప్రభుత్వము పొదుపు నెపమున దానిని వేలము వేయింపగా 2,86,000 డాలర్లకు అమ్ముడుపోయెను.

పాఠకులు గమనింపవలసిన విశేష మిది. ఒక్కొక్క అధ్యక్షునితో గది మాఱినది. ఒకడు పెట్టించినది వేఱొకడు తీయించెను. ప్రతి మార్పునకును ఒక వడ్రంగి పలకను కోసెను, వేఱొక వడ్రంగి ఆ కోతను పూడ్చెను. ఇట్టి పడవను ఉద్ధరింపవలసి వచ్చినప్పుడు దానినే కాలమునకు తీసికొనిపోవలెను? కట్టిన 1925 నాటి రూపమునకా? లిఫ్టున్న రూజ్‌వెల్టు దినములకా? లిఫ్టు పోయి బల్ల వచ్చిన జాన్సను దినములకా? ధనము చాలునా యను ప్రశ్నకంటె ఈ ప్రశ్న కష్టతరమైనది.

1964లో వెనిస్ నగరమున శిల్పులును, ప్రాచీన కట్టడముల సంరక్షకులును సమావేశమై యొక ధర్మపత్రము నంగీకరించిరి. కట్టడమున అన్ని కాలములవారును చేర్చిన విలువగల భాగములను గౌరవింపవలెననియు, రూపమంతయు ఒక్క కాలమునకు చెందవలెననుట లక్ష్యము కాదనియు అందు చెప్పబడినది. ఊహ మొదలైనచోట ఉద్ధరణము నిలిచిపోవలెననియు నందు గలదు. అది రాతికట్టడములకొఱకు వ్రాసినదైనను, కొయ్యపడవకును వర్తించును. జాన్సను బల్లను తీసివేసిన యెడల రూజ్‌వెల్టు తిరిగివచ్చునా? రాడు. కాని యా బల్ల వెనుక లిఫ్టుకొఱకు కోసిన దూలపుజాడ దొరకినచో, దానిని పూడ్చక, కొలిచి వ్రాసి యుంచుట పనివాని ధర్మము.

ఇక పని క్రమమును చెప్పెదము. ఇది సెకోయాకేగాక, నలుబది ఏబది ఏండ్లు గడచిన యే మరపడవకైనను వర్తించు విధానము.

మొదట గదిని ఖాళీచేయవలెను. ఏ పలకయైనను విప్పుటకు ముందు దాని ఛాయాచిత్రము తీసి, వెనుకప్రక్క సంఖ్య వేసి, పటముపై నదే సంఖ్యను గుఱుతించవలెను. మరమేకుల తలలు పైకి కనబడవు. వానిపై చిన్న కొయ్యబిళ్లలు దిగగొట్టి, పలక నారతో నార కలియునట్లు నిలిపి, చదునుచేసి యుందురు. ఈ బిళ్లలను పగులగొట్టి మరమేకులను తీయవలెను. మంచి పనివాడు బిళ్లను బిగించుటకు విడివడని జిగురు వాడడు. వార్నీషులో ముంచి దిగగొట్టును. ముప్పది యేండ్లకు ఇంకొకడు వచ్చి ఈ పలకను విప్పవలసి యుండునని వాడెఱుగును. తాను చూడబోని పనివానికొఱకు చేయు నుపకార మిది.

పలకలు తీసిన తరువాత నీటిజాడ వెదకవలెను. ఉప్పునీరు పడవకు శత్రువని పలువురనుకొందురు. కొయ్యను కుళ్లించుటలో వాననీటికున్న శక్తి ఉప్పునీటికి లేదు. కుళ్లు ఒక శిలీంధ్రము వలన కలుగును. అది మంచినీటిని కోరును, ఉప్పును సహింపదు. అందుచేతనే పూర్వపు ఓడకట్టువారు పక్కటెముకల సందులలో ఉప్పు పోసి నింపెడివారు. కొయ్యలో తేమ నూటికి ఇరువదివంతులకు లోపుగా నుంచినయెడల కుళ్లు పుట్టదని నేటి శాస్త్రజ్ఞుల నిర్ణయము. పైతట్టు సందులోనుండి దిగిన వాననీరు దూలము వెంబడి పాఱి, చాల దూరమున నొక పలకపై మచ్చగా కనబడును. మచ్చయున్నచోట మరమ్మతు చేసినవాడు మోసపోవును. మన మిద్దెయిండ్లలో కాఱుచోటు వేఱు, తడియు చోటు వేఱు అని మనకు తెలిసినదే.

సూదిమొనగల పనిముట్టుతో పొడిచియు, చిన్నసుత్తితో తట్టి చప్పుడు వినియు కొయ్య బలమును పరీక్షింతురు. గట్టికొయ్య కంగున పలుకును; కుళ్లినది మందముగా పలుకును. ఓకు కొయ్యలో ఇనుపమేకులున్నచో, కొయ్యలోని కషాయరసమును ఇనుమును కలిసి నల్లని మరక లేర్పడును. కావున మంచి పడవలలో కంచు మరమేకులు వాడిరి. కమ్మరిపనియు కంచరిపనియు వడ్రంగమునకెంత అవసరమో యీ మరకలే సాక్ష్యము చెప్పును. గాలి యాడని మూలలు, మూతలు వేసిన అరలు తఱచు చెడును. అరల తలుపులకు కన్నములు, జాలులు పెట్టుట కేవలము అలంకారము కాదు, గాలికి త్రోవ.

నీటిత్రోవలు మూసి, చెడిన ఎముకలను దూలములను మార్చిన పిమ్మటనే క్రొత్త పలకల పని. వంగిన ప్రక్కకు పలకను సరిగా కోయుటకు పడవవడ్రంగులొక సులువు నెఱుగుదురు. ప్రక్కకు దగ్గఱగా నొక పనికిరాని చెక్కను నిలిపి, కొనదేరిన యొక కఱ్ఱను దానిపై పెట్టి, కొన ప్రక్కను తాకునట్లుంచి, కఱ్ఱ చుట్టును చెక్కపై గీయుదురు. ఇట్లు జానెడు జానెడున కొకమాఱు చేయుదురు. తరువాత ఆ చెక్కను క్రొత్త పలకపై పఱచి, కఱ్ఱను ప్రతి గీతలోను మరల పెట్టి, కొన తాకినచోట చుక్క పెట్టుదురు. చుక్కలను కలిపినచో ప్రక్క వంపు పలకపై దిగును. కొలబద్ద లేదు, అంకె లేదు, తప్పును లేదు. మన యువకులు వంకరగోడకు అలమర అమర్చునప్పుడు దీనినొకమాఱు చేసి చూడవలెనని మా మనవి.

పాత పలకలపై వార్నీషు తీయునప్పుడు రెండు జాగ్రత్తలు కావలెను. పాతరంగులలో సీసముండవచ్చును గనుక ఆ ధూళి పీల్చరాదు. పలక పైపొర పలుచని మేలిచెక్కయైన యెడల, ఉప్పుకాగితము రెండుసారులు అధికముగా రుద్దినచో అది తొలగి క్రింది చెక్క బయటపడును. అటుపిమ్మట దానికి మందు లేదు. నల్లమరకలను ఆక్సాలిక్ ఆమ్లముతో తేర్చవచ్చును. అది విషమగుటచే చేతితొడుగులు ధరించి, తరువాత చక్కగా కడిగివేయవలెను. క్రొత్త మహాగనీని పాతదాని ప్రక్క నమర్చినపుడు రంగు కలియలేదని తొందరపడరాదు. మహాగనీ వెలుతురు తగిలినకొలది ముదురును. టేకు వెలుతురునకు తేలికబడును. నేడు సరిగా కలిసినది పదియేండ్లకు వేఱుపడును. కాలమును గూడ లెక్కలో చేర్చి రంగు వేయువాడే నేర్పరి. టేకులో సహజమైన నూనె యుండుటచే, అతుకు పెట్టుటకు ముందు దానిని తుడిచి యారబెట్టనిచో జిగురు పట్టదు. దానిలోని ఇసుకవంటి పదార్థము ఉలివాదరను త్వరగా మొద్దుబఱుచును. ఇవి మన పెద్దలు చేతితో నెఱిగిన విషయములే.

కొయ్యపడవల కాలము వెళ్లిపోయినది గనుక ఈ చర్చ యేల యని కొందరడుగవచ్చును. 1934 ప్రాంతమున నీటికి విడివడని జిగురుతో ప్లైవుడ్ వచ్చెను. తరువాత గాజునారతో పోతపోసిన పడవలు వెలసెను. 1959లో ఉత్తర కరోలినా రాష్ట్రమున హై పాయింట్ అను పట్టణమున హాటెరాస్ కార్మాగారము స్థాపింపబడి, మఱుసటియేడు 41 అడుగుల గాజునారపడవను నీటిలో దింపెను. హై పాయింటు సముద్రతీరమున లేదు. అది కుర్చీలు బల్లలు చేయు వడ్రంగుల పట్టణము. పడవ పొట్టు గాజునారయైనను, లోపలి గది కొయ్యయే గనుక ఆ పట్టణము తగిన చోటయ్యెను. అట్లే హాంకాంగులో అమెరికన్ మెరైన్ అను సంస్థ 1960లలో గ్రాండ్ బాంక్స్ అను మరపడవలను కట్టి ప్రసిద్ధి గాంచెను. 1973లో వాని పొట్టు కొయ్యనుండి గాజునారకు మాఱెను. లోపలి గదులుమాత్రము టేకుపనితోనే నిలిచెను. ఆ టేకుపనిలోని నేర్పు చైనా వడ్రంగులది. ఏబది యేండ్లు గడచిన యా పడవలను నేటికిని అమెరికాలో యజమానులు విప్పి సవరించుకొనుచున్నారు. అందును మొదట చెడునది కిటికీ సందులలో నీరు దిగిన టేకుపలకయే. గాజునార కుళ్లదు, దానికంటిన ప్లైవుడ్ గోడ కుళ్లును. కాలము మాఱినను నీరు తన స్వభావమును మార్చుకొనలేదు.

ఇక సెకోయా కడపటి కథ. వేలమైన తరువాత అది పలు చేతులు మాఱెను. 1987లో అమెరికా ప్రభుత్వము దానిని జాతీయ చారిత్రకచిహ్నముగా గుర్తించెను. మెఱుగుపెట్టిన గదులలో విందులు జరిగెను. పిదప యాజమాన్యమును గూర్చి వ్యాజ్యము పుట్టెను. 2016లో డెలవేరు న్యాయస్థానము తీర్పు చెప్పునాటికి, ఆ పడవ ఒడ్డునకెక్కి, చాలని ఆధారములపై, క్షీణించిన యొక పడవలచోట పడియుండెననియు, రకూనులను అడవిజంతువులు అందు కాపురముండెననియు న్యాయాధీశుడే వ్రాసెను. అధ్యక్షులు కూర్చున్న గదిలో అడవిజంతువులు పిల్లలు పెట్టుకొను స్థితి వచ్చెను. కొయ్యపడవను ఒడ్డున నుంచినచో పలకలు ఎండి సందులు విచ్చును. ఆధారము చాలనిచో వెన్ను వంగును. వెన్ను వంగిన పడవలో గది తలుపులు మూసికొనవు. 2019లో దానిని పెద్ద బల్లకట్టుపై నెక్కించి, కొయ్యపడవల పనికి పేరుగన్న మెయిన్ రాష్ట్రములోని బెల్‌ఫాస్ట్ రేవునకు ఉద్ధరణార్థము గొనిపోయిరి.

గౌరవచిహ్నము తగిలించుట వేఱు, కాపాడుట వేఱు అని యీ కథ మనకు బోధించుచున్నది. ఆ పడవపై విహరించిన అధ్యక్షుల పేర్లు బాలురకు గూడ తెలియును. లిఫ్టు బిగించిన వడ్రంగి పేరేమి? దానిని తీసి బల్ల కూర్చినవాని పేరేమి? చరిత్రగ్రంథములలో వారి పేర్లు వెదకినను దొరకవు. ట్రంపీ కుటుంబపు కార్మాగారము 1947లో అన్నాపొలిస్ పట్టణమునకు తరలి, 1970లలో మూతపడెను. దానితో పనివారును చెదిరిపోయిరి.

అయితే యా దేశమున నొక మంచి కార్యము జరిగినది. పని చచ్చిపోవుచున్నదని గ్రహించి కొందరు మేల్కొనిరి. 1972లో మెయిన్ రాష్ట్రపు బాత్ పట్టణమున పడవపని నేర్పుటకై శిష్యశాల యొకటి వెలసెను. 1974లో కొయ్యపడవలకే ప్రత్యేకింపబడిన పత్రిక వుడెన్‌బోట్ అను పేర ఆరంభమయ్యెను. 1993లో న్యూపోర్టు పట్టణమున పడవల ఉద్ధరణము నేర్పు విద్యాలయము పుట్టెను. వృద్ధులైన పనివారు చెప్పగా వ్రాసికొనిరి, బొమ్మలు గీసికొనిరి, తప్పులను గూడ దాచక ప్రకటించిరి. అచ్చట నేర్చుకొన వచ్చినవారిలో పలువురి తాతతండ్రులు ఉలి పట్టినవారు కారు. అయినను నేర్చుకొనిరి. నేడు పాత పడవ గదులు నిలుచుచున్న వన్న అది వారి చలువయే.

సోదరులారా, ఇచ్చట మేమొక కఠినమైన మాట చెప్పవలసి యున్నది. మన్నింపుడు. పని మన కులమునకు పుట్టుకతో వచ్చిన సొత్తని మనము సభలలో చెప్పుకొనుచున్నాము. పుట్టుకతో రాని వారు వ్రాసికొని, నేర్చుకొని, కాపాడుకొనిరి. పుట్టుకతో వచ్చిన మనము వ్రాయక, నేర్పక పోగొట్టుకొనుచున్నాము. గోదావరి ముఖమునగల కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టు రేవుగా ప్రసిద్ధి కెక్కినది. 1839 నాటి తుఫానులో ఆ రేవు నాశనమయ్యెను. అచ్చట ఓడలకు పక్కటెముకలు వంచిన మనవారి పేర్లు ఈ సభలో నెవరైన చెప్పగలరా? వారు సందులనెట్లు పూడ్చిరో, ఏ కొయ్యనే నెలలో కొట్టిరో చెప్పగలరా? తాళ్లరేవు ప్రాంతమున కొయ్యఓడలు కట్టిన కుటుంబములవారు నేటికిని ఉన్నారు. వారి పెద్దలను అడిగి వ్రాసికొనుటకు సమయ మింకను మించిపోలేదు, కాని మించిపోవుచున్నది.

కొయ్యయు సులభముగా దొరకు కాలము పోయినది. మహాగనీవృక్షములు తఱుగుటచే 2003నుండి పెద్దాకు మహాగనీ వ్యాపారమునకు అంతర్జాతీయపు కట్టుబాట్లు వచ్చినవి. కావున పాతపలకను పాఱవేసి క్రొత్తది తెచ్చు పద్ధతి ధనవంతునకు గూడ సాగదు. చెడినంతవఱకు కోసి, మిగిలినదానికి అతుకు వేయు నేర్పునకే ఇకముందు వెల హెచ్చును. మన వృద్ధుల చేతులలో ఆ నేర్పున్నది. మన బాలురకు దానితో పని లేదనుకొనుట పొరపాటు.

పోషకమహాశయులకు మా మనవి యిది. వచ్చు మహాసభలో పందిళ్లకును వేదికాలంకారమునకును వెచ్చించు ద్రవ్యములో కొంతభాగము తీసి, జిల్లాకొక లేఖకుని నియమింపుడు. అఱువది యేండ్లు దాటిన పనివారి యింటింటికి అతడు పోయి, పనిముట్ల పేర్లు, కొలతలు, అతుకుల తీరులు వారు పలికినట్లే వ్రాసికొనవలెను. బొమ్మలు గీయించి, పేరు, ఊరు, సంవత్సరము వేయవలెను. తప్పిన పనులనుగూడ వ్రాయవలెను. అవియే బాలురకు ఎక్కువ బోధించును. ఆ గ్రంథమును కులమువారికేగాక నేర్చుకొనదలచిన యెల్లరకును తెఱచియుంచవలెను.

పనివారికి మా మనవి మఱింత చిన్నది. మీరు బిగించు ప్రతి పలక వెనుక, ఎవరికిని కనబడనిచోట, మీ పేరును సంవత్సరమును సీసపుకడ్డీతో వ్రాయుడు. పై మెఱుగు యజమాని చూచుకొనును. ఆ వ్రాత నొకనాడు మఱొక పనివాడు చూచును. అతడు మిమ్మెఱుగకున్నను, పలకను చేత పట్టుకొని ఒక క్షణము మీతో మాటలాడును. అట్టి పలకలు మన దేశమున పెక్కులు మిగులుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.